సూక్ష్మజీవి గాదె: కూరగాయల చెత్త నుండి ప్లాస్టిక్ పుట్టిన చరిత్ర



ముప్పై యేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి నేను. సంధులు, సమాసాలు, పద్యాలకు ప్రతిపదార్థాలు - నా ఉద్యోగ జీవితమంతా వీటితోనే గడిచింది. అటువంటివాడు బాక్టీరియాల గురించి, ప్లాస్టిక్ గురించి వ్రాయబూనడమేమిటని కొందరికి తోచవచ్చు. రసాయనశాస్త్రం బోధించే అర్హత నాకు లేదు. ఆ పని చేయబోవడమూ లేదు. నేను చెప్పదలచినది చరిత్ర. ఒక రాజవంశం ఎందుకు వర్ధిల్లిందో, ఎందుకు అంతరించిందో విచారించినట్లే, ఒక వస్తువు ఎప్పుడు పుట్టిందో, పుట్టి ఇన్నేళ్ళయినా మన వీధి దాకా ఎందుకు రాలేదో విచారించడం కూడ చరిత్ర వ్రాసేవాని పనే.

కుళ్ళిపోయే కూరగాయలను, పండ్ల తొక్కలను బాక్టీరియాల చేత పులియబెట్టించి, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చేయవచ్చునన్న వార్త పత్రికలలో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. ప్రతిసారీ దానిని సరికొత్త ఆవిష్కరణగానే వ్రాస్తారు. చదివినవారు ఇక ప్లాస్టిక్ పీడ విరగడైనట్లేనని సంతోషిస్తారు, మరునాటికి మరచిపోతారు. నిజానికి ఈ ప్లాస్టిక్ మన తాతల కాలం నాటిది. 1926 నాటికే ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞునికి దీని ఆనుపానులు తెలుసు. అప్పటికి పాలిథీన్ ఇంకా పుట్టనే లేదు. ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత ఈ రెండింటి విషయంలో అక్షరాలా నిజమైంది. అట్లా ఎందుకు జరిగిందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

పులియడం, కుళ్ళడం

ముందు మాటల సంగతి చూద్దాం. అది నా చేతిలోని పని గనుక.

తెలుగులో పులియు, పులుపు, పులుసు అన్నవి ఒకే కుదురు నుండి వచ్చిన మాటలు. తమిళంలో పుళి, కన్నడంలో హుళి వీటికి తోబుట్టువులు. అనగా మన పూర్వులకు పులియడమంటే పులుపెక్కడమే. కుళ్ళడం వేరు. పులిసిన దోసెపిండిని తింటాము, కుళ్ళిన కాయను పారవేస్తాము. ఈ తేడా వంటింటికి సంబంధించినదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ప్లాస్టిక్ చేసే విధానమంతా కూడ ఈ తేడా మీదనే నిలిచి ఉన్నదని చదివిన తరువాతనే తెలిసింది.

గాలి చొరని తొట్టిలో కూరగాయల చెత్తను వేస్తే మూడు అంచెలలో మార్పు జరుగుతుంది. మొదట కొన్ని సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని, పీచును, మాంసకృత్తులను చిన్న చిన్న ముక్కలుగా విడగొడతాయి. తరువాత మరికొన్ని ఆ చక్కెరలను ఆమ్లాలుగా మారుస్తాయి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, పులిసిన పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం, వెన్న పాడైనప్పుడు ముక్కుకు తగిలే బ్యుటిరిక్ ఆమ్లం, వీటితోపాటు ప్రొపియానిక్ ఆమ్లం ఆ తొట్టిలో చేరుతాయి. చివరగా మీథేన్ పుట్టించే జీవులు ప్రవేశించి ఈ ఆమ్లాలను వాయువుగా మార్చివేస్తాయి. గోబర్ గ్యాస్ కావాలంటే ఈ మూడవ అంచె దాకా పోనివ్వాలి. ప్లాస్టిక్ కావాలంటే రెండవ అంచెలోనే, సరిగా పులిసినప్పుడే ఆపాలి. మీథేన్ జీవులు నెమ్మదిగా పెరిగేవి, పులుపును ఓర్చుకోలేనివి. కాబట్టి తొట్టిలోని సరుకును ఎక్కువ రోజులు నిలువ ఉంచకుండా, పులుపును కాస్త నిలిపి ఉంచితే అవి వేళ్ళూనలేవు. పిండి ఏ పూటకు ఎంత పులియాలో ఎరిగిన ఇల్లాలి నేర్పు వంటిదే ఇదీ.

అయితే ఆమ్లం ప్లాస్టిక్ కాదు. ఆమ్లాన్ని తిని ప్లాస్టిక్‌గా కూడబెట్టే జీవి మరొకటి కావాలి. దాని చరిత్ర పారిస్‌లో మొదలవుతుంది.

లెమ్వాన్ మహాశయుడు

మోరిస్ లెమ్వాన్ (1883-1967) పారిస్ నగరంలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధకుడు. బాసిల్లస్ మెగటీరియం అనే బాక్టీరియాను ఆయన పరిశీలిస్తూ వచ్చాడు. ఆహారమేమీ లేకుండ వీటిని నీటిలో ఉంచితే ఆ నీరు క్రమంగా పులుపెక్కుతున్నది. ఆ పులుపుకు కారణం హైడ్రాక్సీబ్యుటిరిక్ ఆమ్లమని ఆయన 1920ల మొదటి భాగంలో తేల్చాడు. మనం ఉపవాసమున్నప్పుడు మన నెత్తురులో చేరేది కూడ ఈ ఆమ్లమే. ఏకాదశినాడు పస్తున్న మనిషికీ, పారిస్ ప్రయోగశాలలో పస్తుపెట్టిన బాక్టీరియాకూ ఇంత చుట్టరికమున్నది!

ఆహారం లేనప్పుడు ఈ ఆమ్లం ఎక్కడి నుండి వస్తున్నది? లోపల ఎక్కడో నిలువ ఉండి ఉండాలి. లెమ్వాన్ వెదకగా బాక్టీరియా కణంలో ఒక ఘనపదార్థం దొరికింది. అది వేరే పదార్థం కాదు; ఆ ఆమ్లపు అణువులే ఒకదానితో ఒకటి నీటిని వదలుకొంటూ గొలుసుగా పెనవేసుకొన్నవి. ఈ సంగతిని ఆయన 1926లో ప్రకటించాడు. దానినే ఇప్పుడు పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్ అని, పొడి అక్షరాలలో పీహెచ్‌బీ అని పిలుస్తున్నారు. ఈ కుటుంబానికంతటికీ కలిపి పీహెచ్ఏ అన్నది ఇంటిపేరు.

రైతు పంట వచ్చినప్పుడు గాదెలో ధాన్యం పోసుకొన్నట్లు, ఈ సూక్ష్మజీవి తిండి మెండుగా ఉన్నప్పుడు తన కణంలో ఈ పదార్థాన్ని రేణువులుగా దాచుకొంటుంది. లేమి వచ్చినప్పుడు దానిని విడగొట్టుకొని తింటుంది. మనకు కొవ్వు ఎట్లాగో, బంగాళాదుంపకు పిండి ఎట్లాగో దానికి ఇది అట్లా. ఒక్కొక్క రేణువు మిల్లీమీటరులో వేయి భాగాలు చేసి అందులో మరల సగం చేసినంత ఉంటుంది. 1958లో బ్రిటన్‌కు చెందిన మెక్రే, విల్కిన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ గాదె నిండే మర్మాన్ని విప్పి చెప్పారు. కర్బన ఆహారం సమృద్ధిగా ఉండి, నత్రజని తక్కువైనప్పుడు ఈ నిలువ బాగా పెరుగుతుంది. నత్రజని లేక కణం విభజన పొందలేదు. ఉన్న తిండిని ఏమి చేయాలో తోచక దాచుకొంటుంది. తరువాతి పరిశ్రమలన్నిటికీ ఈ పరిశీలనే పునాది.

లోకం ఎందుకు వినలేదు?

లెమ్వాన్ మాటను ఆనాడు ఎవరూ పట్టించుకోలేదనడంలో అతిశయోక్తి లేదు. కారణాలు మూడు కనిపిస్తాయి.

ఒకటి, అణువులు వేలకొద్దీ గొలుసుగా కలిసి ఒకే మహాణువుగా ఉండగలవని ఆనాటి రసాయనశాస్త్రజ్ఞులలో చాలామంది నమ్మలేదు. జర్మనీలో హెర్మన్ స్టౌడింగర్ 1920లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించి, ఏళ్ళ తరబడి వాదప్రతివాదాలు సాగించవలసి వచ్చింది. ఆయనకు నోబెల్ బహుమతి 1953లో గాని రాలేదు. గొలుసులనే నమ్మని లోకానికి బాక్టీరియా కడుపులోని గొలుసును గురించి చెబితే ఎక్కుతుందా? రెండు, లెమ్వాన్ వ్రాసినది ఫ్రెంచి భాషలో, సూక్ష్మజీవులను గురించి చదివేవారి పత్రికలలో. ప్లాస్టిక్ పరిశ్రమవారు ఆ పత్రికలు తెరచి చూడరు. మంచి గ్రంథం మారుమూల తాళపత్రాలలో ఉండిపోయినట్లే జరిగింది. మూడు, ముడిచమురు చౌక.

1933 మార్చిలో ఇంగ్లండులోని విన్నింగ్టన్‌లో, ఐసీఐ అనే రసాయన సంస్థ ప్రయోగశాలలో, గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు అత్యధిక పీడనం కింద ఎథిలీన్ వాయువుతో ప్రయోగం చేస్తుండగా పాత్ర అడుగున మైనం వంటి తెల్లని పదార్థం కనిపించింది. అదే పాలిథీన్. 1939లో దాని ఉత్పత్తి మొదలైంది. యుద్ధకాలంలో రాడార్ కేబుళ్ళకు తొడుగుగా ఉపయోగపడి, యుద్ధం ముగిశాక ఇంటింటికీ వచ్చింది. బాక్టీరియా ఏనాడో చేసి ఉంచిన ప్లాస్టిక్‌ను ఎవరూ అడగలేదు. ఐసీఐ అన్న పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. పాలిథీన్‌ను లోకానికిచ్చిన ఆ సంస్థే, నలభై యేళ్ళు గడిచాక, దానికి విరుగుడు వెదకవలసి వచ్చింది.

పరిశ్రమ పుట్టుక, పతనం

మొదట ప్రయత్నించినది అమెరికాలోని డబ్ల్యు. ఆర్. గ్రేస్ సంస్థ. 1962లో పేటెంట్లు కూడ పొందింది. కాని దిగుబడి తక్కువ, కణం నుండి ప్లాస్టిక్‌ను వేరుచేయడానికి ఖర్చు ఎక్కువ. విడిచిపెట్టారు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు పెట్టగా ధర ఆకాశానికంటింది. చమురు లేకుండ ప్లాస్టిక్ చేయగలమా అన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. ఐసీఐ వారికి ఇంగ్లండు ఈశాన్యాన బిల్లింగ్‌హామ్‌లో పెద్ద పులియబెట్టే తొట్లు, వాటిని నడపడంలో అనుభవం ఉన్నాయి. పశువుల దాణా కోసం బాక్టీరియాలను పెంచే పని వారక్కడ చేపట్టారు. ఆ అనుభవమే పీహెచ్‌బీ పరిశోధనకు పనికివచ్చింది.

వారు ఎన్నుకొన్న బాక్టీరియాకు మన దేవతల వలె నామాలు పెక్కు. హైడ్రోజెనోమోనాస్ యూట్రోఫా అన్నారు, ఆల్కలిజీన్స్ యూట్రోఫస్ అన్నారు, రాల్‌స్టోనియా యూట్రోఫా అన్నారు, వాటెర్సియా అన్నారు; 2004 తరువాత క్యూప్రియావిడస్ నెకేటర్ అన్న పేరు స్థిరపడింది. యూట్రోఫా అనగా బాగా తిని పుష్టిగా ఉన్నది అని అర్థం. పేరుకు తగినట్లే, గ్లూకోజు పెట్టి నత్రజని, భాస్వరాలలో ఒకదానిని తగ్గిస్తే, ఎండిన కణం బరువులో నూటికి 80 వంతుల దాకా ప్లాస్టిక్‌ను కూడబెడుతుంది.

కాని శుద్ధ పీహెచ్‌బీ పెళుసు. దాదాపు 175 డిగ్రీల వేడికి కరుగుతుంది; అంతకు కొంచెం పైకి పోతే విచ్ఛిన్నం కాసాగుతుంది. పోతపోసేవానికి రెండు వేడుల నడుమ చోటు చాలదు. ఐసీఐ వారు దీనికొక ఉపాయం కనుగొన్నారు. గ్లూకోజుతోపాటు ప్రొపియానిక్ ఆమ్లం కూడ తినిపిస్తే, బాక్టీరియా తన గొలుసులో హైడ్రాక్సీవాలరేట్ అనే మరొక పూసను నడుమ నడుమ గుచ్చుతుంది. అప్పుడా ప్లాస్టిక్‌కు సాగే గుణం వస్తుంది, తక్కువ వేడికే కరుగుతుంది. దీనికి బయోపోల్ అని పేరు పెట్టారు. 1990లో జర్మనీలో వెల్లా వారి షాంపూ సీసాలు ఈ పదార్థంతో చేసినవే.

మరి ఏమైంది? ధర. ఒక కిలో ప్లాస్టిక్‌కు సుమారు మూడు కిలోల చక్కెర కావాలి. తొట్లను ఆవిరితో శుద్ధి చేయాలి, గాలి ఊదాలి, కణాలను వడకట్టాలి, చీల్చాలి, కడగాలి, ఎండబెట్టాలి. బయోపోల్ కిలో దాదాపు 16 డాలర్లు పడింది. అది పాలీప్రొపిలీన్ ధరకు ఇంచుమించు 18 రెట్లు. ఈ లోగా చమురు ధర దిగివచ్చింది. ఆ తరువాతి చరిత్ర చేతులు మారిన జమీందారీ చరిత్రలా ఉంటుంది. 1993లో ఐసీఐ నుండి విడిపోయిన జెనెకాకు, 1996లో మోన్‌శాంటోకు, 2001లో అమెరికాలోని మెటబాలిక్స్‌కు బయోపోల్ చేరింది. మెటబాలిక్స్ వారు ధాన్య వ్యాపార సంస్థ ఏడీఎమ్‌తో కలిసి అయోవా రాష్ట్రం క్లింటన్‌లో ఏడాదికి 50 వేల టన్నుల సామర్థ్యంతో కర్మాగారం నిర్మించారు. ముడిసరుకు మొక్కజొన్న చక్కెర. 2012 జనవరిలో ఏడీఎమ్ ఆ భాగస్వామ్యం నుండి తప్పుకొన్నది. 2016లో ఆ సాంకేతిక సంపదను దక్షిణ కొరియాకు చెందిన సీజే సంస్థ కొన్నది. ఇండొనీషియాలోని పసురువాన్‌లో 2022లో 5 వేల టన్నుల కర్మాగారం నెలకొల్పింది. జపాన్‌లో కనెకా సంస్థ 2019లో అంతే సామర్థ్యంతో ఉత్పత్తి విస్తరించింది. అమెరికాలో ఈ రంగంలోనే పేరెన్నికగన్న డేనిమర్ సైంటిఫిక్ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. పడిలేవడమే ఈ పరిశ్రమ లక్షణమనిపిస్తుంది.

ఒక్క చోట మాత్రం ఇది ధరకు జంకకుండ నిలదొక్కుకొన్నది. ఈ కుటుంబానికే చెందిన పదార్థంతో చేసిన శస్త్రచికిత్స కుట్టుదారానికి 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. కుట్టు దానంతట అదే శరీరంలో కరిగిపోతుంది. గాయాన్ని కుట్టే దారానికి ధర అడిగేవారుండరు; కూరగాయల సంచికి పావలా ఎక్కువన్నా బేరమాడుతాము.

చెత్త వైపు చూపు

ఖర్చులో పెద్దపాలు తిండిదే. మనుషులు తినదగిన చక్కెరను, మొక్కజొన్నను బాక్టీరియాకు పెట్టి సంచులు చేయడం ధర్మమా అన్న ప్రశ్న కూడ ఉన్నది. అక్కడే చెత్త ప్రవేశించింది.

1974లోనే అమెరికాలో వాలెన్, రోవెడర్ అనే శాస్త్రజ్ఞులు మురుగునీటిని శుద్ధిచేసే తొట్టి అడుగున ఉండే బురదలో పీహెచ్ఏను గుర్తించారు. అందులో హైడ్రాక్సీబ్యుటిరేట్ ఒక్కటే కాక వాలరేట్ మొదలైన ఇతర పూసలూ ఉన్నాయి. ఎవరూ శుద్ధజాతి బాక్టీరియాను తెచ్చి పెంచలేదు, గ్లూకోజు పోయలేదు. మురుగులో ఊరూపేరూ లేని సూక్ష్మజీవుల సమూహమే ఆ పని చేసింది.

దీనిని ఒక పద్ధతిగా మలచినవారు తరువాతి తరంవారు. పద్ధతి పేరు "విందు, పస్తు" అని చెప్పుకోవచ్చు. మిశ్రమ సూక్ష్మజీవులున్న తొట్టిలోకి ఆమ్లాలను ఒక్కసారిగా పోస్తారు, కొంతసేపు విందు. అది అయిపోగానే చాలసేపు ఏమీ పెట్టరు, పస్తు. విందులో దాచుకొన్నవి పస్తులో బ్రతుకుతాయి, దాచుకోనివి క్షీణిస్తాయి. రోజుల తరబడి ఇట్లా జరిపితే తొట్టిలో గాదెలు కట్టే జాతులే మిగులుతాయి. అప్పుడు వాటికి మెండుగా ఆమ్లం పెట్టి, గాదె నిండగానే కొల్లగొడతారు. గాదె కింది పందికొక్కు పాత్ర ఇక్కడ మనిషిది.

నెదర్లాండ్సులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిని అనుసరించి 2009లో ప్రకటించిన ప్రయోగంలో, మిశ్రమ సమూహమే ఎండుబరువులో నూటికి 89 వంతుల దాకా ప్లాస్టిక్ చేర్చుకొన్నది. ఆ తొట్టిలో పైచేయి సాధించిన బాక్టీరియాకు ప్లాస్టిసిక్యుములాన్స్ ఆసిడివొరాన్స్ అని పేరు పెట్టారు. ప్లాస్టిక్‌ను కూడబెట్టునది, ఆమ్లమును భుజించునది అని విగ్రహవాక్యం. ఇంత సార్థకనామం కావ్యాలలో కూడ అరుదు. ఆ ప్రయోగం శుద్ధమైన ఎసిటేటుతో చేసినది. తరువాత అదే బృందం వేగెల్ పట్టణంలోని చాకొలెట్ కర్మాగారం వ్యర్థజలంతో నమూనా స్థాయిలో చేసి చూపింది. అంతకు ముందే 2002లో హవాయి విశ్వవిద్యాలయంలో ఆహార వ్యర్థాలను పులియబెట్టి, ఆ ఆమ్లాలను పలుచని పొర గుండా యూట్రోఫా బాక్టీరియాకు అందించి, కణం బరువులో నూటికి 70 వంతులకు పైగా పీహెచ్ఏ సాధించారు. ఇటలీలోని ట్రెవిజోలో నగరపు ఆహార వ్యర్థాలను, మురుగు బురదను కలిపి ఇటువంటి ప్రయత్నమే చేశారు.

ఇక్కడ నన్ను ఆకర్షించిన విషయమొకటి ఉన్నది. ఐసీఐ వారు ప్లాస్టిక్ మెత్తబడడానికి ప్రొపియానిక్ ఆమ్లాన్ని ప్రత్యేకంగా కొని పోయవలసి వచ్చింది. కూరగాయల చెత్త పులిసినప్పుడు ఆ ఆమ్లం తనంతట తానే పుడుతుంది. ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాల నుండి ఒక రకం పూస, ప్రొపియానిక్ నుండి రెండవ రకం పూస - రెండూ కలిసిన దండ సహజంగానే సిద్ధమవుతుంది. దొరలు డబ్బిచ్చి కొన్న గుణం మన పెంటలోనే ఉన్నదన్నమాట.

హైదరాబాదు వాటా

ఈ చరిత్రలో మన హైదరాబాదుకు కూడ ఒక పుట ఉన్నది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో (ఐఐసీటీ) ఎస్. వెంకటమోహన్ గారి బృందం 2009లో కూరగాయల మార్కెట్ చెత్తను పులియబెట్టి హైడ్రోజన్ వాయువును రాబట్టిన పరిశోధనను ప్రకటించింది. హైడ్రోజన్ పోగా మిగిలిన పుల్లని నీటిలో ఆమ్లాలుంటాయి గదా! దానిని పారబోయక పీహెచ్ఏ చేసే సూక్ష్మజీవులకు పెట్టారు. 2012లో ప్రకటించిన పరిశోధనలో, పులియబెట్టని ఆహార వ్యర్థం కన్న పులియబెట్టినదే ఎక్కువ ప్లాస్టిక్ ఇచ్చిందని తేల్చారు. వెంకటమోహన్ గారికి 2014లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది.

అదే సంస్థ సాంకేతిక పరిజ్ఞానంతో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల చెత్త నుండి గ్యాసును, దాని నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును తీసే కేంద్రం ఏర్పడింది. ప్రధానమంత్రి 2021 జనవరి 31నాటి ఆకాశవాణి ప్రసంగంలో దానిని ప్రస్తావించారు. ఇది మూడవ అంచె దాకా పోయిన పద్ధతి. గ్యాసుకూ ప్లాస్టిక్‌కూ దారి సగం దూరం ఒకటే. ఆమ్లం దగ్గర చీలుతుంది. మరి ఆ చీలిక దగ్గర ప్లాస్టిక్ వైపు ఎందుకు తిరగలేదు?

ఒక బడిలెక్క వేసి చూద్దాం. టన్ను కూరగాయల చెత్తలో నూటికి తొంభై వంతులు నీరే అనుకొందాం. మిగిలినది 100 కిలోలు. అందులో సగం ఆమ్లంగా మారిందనుకొంటే 50 కిలోలు. అందులో మూడవ వంతు ప్లాస్టిక్ అయితే 16, 17 కిలోలు. ఇది ఊహకు వేసిన లెక్కే గాని ఏ కర్మాగారం పద్దు కాదు. అయినా సంగతి తెలుస్తుంది. టన్ను చెత్తను మోసి, రెండు మూడు తొట్లు నడిపి, గాలి ఊది, ద్రావకాలతో కడిగి, చివరకు పట్టుకొనేది ఒక మనిషి మోయగలిగిన మూట. గ్యాసుకైతే తొట్టి మూసి కూర్చుంటే చాలు, అది తానే పైకి వస్తుంది. ప్లాస్టిక్ కణం లోపల ఉంటుంది, కణాన్ని చీలిస్తే గాని రాదు. దీనికి తోడు ఇవాళ క్యాబేజీ ఆకులు, రేపు టమాటాలు, ఎల్లుండి సొరకాయలు; తిండి మారినప్పుడల్లా ఆమ్లాల పాళ్ళు మారుతాయి, దానితోపాటు ప్లాస్టిక్ గుణమూ మారుతుంది. కొనేవానికి మాత్రం ప్రతిదినం ఒకే సరుకు కావాలి.

మన ముందున్న ప్రశ్న

ఇదంతా పరిశోధకుల బాధ, మనకేమి అనుకోవచ్చు. కాని మనకు చెందినవి రెండు ఉన్నాయి.

మొదటిది మాట నిజాయతీ. "మట్టిలో కలిసిపోయే సంచి" అని అచ్చువేసిన ప్రతి సంచీ ఒకటి కాదు. కొన్ని మామూలు పాలిథీన్‌లో ఒక మందు కలిపినవి. ఎండకు పొడిపొడిగా రాలుతాయి, కలిసిపోవు. ఐరోపా సమాఖ్య 2021లో ఇటువంటి వాటిని నిషేధించింది. కొన్ని మొక్కజొన్న నుండి వచ్చే పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసినవి. అవి కరగాలంటే దాదాపు 60 డిగ్రీల వేడిగల కంపోస్టు కేంద్రం కావాలి, పెరటి మట్టి చాలదు. పీహెచ్ఏను మట్టిలోని, నీటిలోని బాక్టీరియాలు, బూజులు ఆహారంగా గుర్తిస్తాయి. ఏలయన అది వాటి జాతి గాదెలోని ధాన్యమే. మూడింటినీ ఒకే మాటతో పిలవడం వ్యాకరణ దోషం కన్న పెద్ద దోషం. మన దేశంలో 2022 జూలై 1 నుండి కొన్ని ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమలులోకి వచ్చింది, అదే సంవత్సరం డిసెంబరు 31 నుండి సంచుల మందం 120 మైక్రాన్లకు తగ్గరాదన్నారు. కంపోస్టు కాగల సంచులకు మందం నియమం లేదు గాని ధ్రువీకరణ ఉండాలి. కాబట్టి సంచి మీద ఏమి వ్రాసి ఉన్నదో, ఎవరు ధ్రువీకరించారో చదవడం అక్షరాస్యులందరి పని.

రెండవది వేరుచేయడం. మన ఇళ్ళలో కూరగాయల తొక్కలను పాలిథీన్ కవరులో మూటకట్టి వీధిలో వేసే అలవాటు పాతుకుపోయింది. ఆ తొక్కల కోసం ఆవు కవరుతో సహా మింగుతుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు ఆవుల కడుపులలో కిలోలకొద్దీ పేరుకున్న ప్లాస్టిక్‌ను శస్త్రచికిత్సతో తీయించి, 2012లో సర్వోన్నత న్యాయస్థానంలో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది అందుకే. ఆవు నాలుగు అరల కడుపు కూడ పులియబెట్టే తొట్టియే. గడ్డి అక్కడ పులిసి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలవుతుంది. అవే దానికి శక్తి. కర్మాగారపు తొట్టిలో పుట్టవలసినవి అవే ఆమ్లాలు. పాలిథీన్ చేరితే రెండు తొట్లూ ఒకే విధంగా చెడతాయి. మంచి ప్లాస్టిక్ చేయదగిన చెత్తను చెడ్డ ప్లాస్టిక్‌లో మూటగట్టి పాడుచేస్తున్నాము.

నూరేళ్ళ ఈ చరిత్రలో బాక్టీరియా ఏనాడూ ఓడిపోలేదు. లెమ్వాన్ చూసిన నాడు ఎట్లా గాదె నింపుకొన్నదో నేడూ అట్లాగే నింపుకొంటున్నది. ఓడిపోయినవి లెక్కలు: చమురు ధర, చక్కెర ధర, మోత ఖర్చు. ఈ లెక్కలలో ఒక్క పద్దు మాత్రం శాస్త్రజ్ఞుల చేతిలో గాని, చమురు దేశాల చేతిలో గాని లేదు. అది వేరుచేసిన శుభ్రమైన చెత్త. దానిని సమకూర్చగలిగినది వంటింటిలో కత్తిపీట ముందు కూర్చున్నవారు, మార్కెట్‌లో బండి వేసుకొన్నవారు. తడిచెత్తకు ఒక బుట్ట, మిగిలినదానికి మరొక బుట్ట పెట్టడానికి పరిశోధన అవసరం లేదు. హైదరాబాదులో గాని, మరెక్కడ గాని కూరగాయల ప్లాస్టిక్ రేపు నిలదొక్కుకొంటే మంచిదే. నిలదొక్కుకోకపోయినా ఆ బుట్టలోని తొక్కలు ఎరువవుతాయి, గ్యాసవుతాయి, కవరు లేకుంటే ఆవుకు మేతవుతాయి.

స్వస్తి.